టాపు లేని కారుకు బలం ఎక్కడిది?

నాన్నదో పెదనాన్నదో పాత కారు చేతికొచ్చినప్పుడు ఎవరైనా ముందు చేసే పని బానెట్ ఎత్తడం. ఇంజన్ తిరుగుతుందా, కొత్త బ్యాటరీ పెడితే అందుకుంటుందా అన్నదే ఆత్రం. ఇంజన్ అందుకుని పొగ వదిలిందంటే సగం పని అయిపోయిందన్న ధీమా వచ్చేస్తుంది. మామూలు కారు విషయంలో ఆ ధీమా కొంతవరకు చెల్లుతుంది. టాపు మడిచి వెనక్కి తోసే కన్వర్టిబుల్ అయితే మాత్రం బానెట్ సంగతి తర్వాత. ముందు నేలమీద మోకాళ్లూని తలుపు కింద ఏముందో చూడాలి.

ఉదాహరణకు ఎమ్‌జీబీని తీసుకుందాం. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్‌కు దగ్గరున్న అబింగ్డన్ ఫ్యాక్టరీలో 1962 నుంచి 1980 దాకా తయారైన రెండు సీట్ల కారు ఇది. గట్టి టాపున్న జీటీ రకాన్నీ కలుపుకుంటే ఐదు లక్షలకు పైగా వచ్చాయి. అందులో పెద్ద వాటా అమెరికాకు వెళ్లింది. అయినా బ్రిటన్‌లో ఈ కారు ఇంకా చాలా ఇళ్లలో ఉంది. పెళ్లికి ముందు సరదాపడి కొనుక్కుంటారు. పిల్లలు పుట్టాక రెండు సీట్లు చాలవు, అమ్మడానికి మనసొప్పదు. బండి గ్యారేజీలో చేరి, గుడ్డ కప్పుకుని, ముప్ఫై నలభై ఏళ్ల తర్వాత కొడుకు చేతికో కూతురు చేతికో వస్తుంది. ఖరీదైన కారూ కాదు, అరుదైనదీ కాదు. విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతాయి. అందుకే బాగుచేయించడం వెనకున్న భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం నేర్చుకోడానికి ఇంతకన్నా అనువైన బండి నాకు కనబడలేదు.

దీనికి ముందు వచ్చిన ఎమ్‌జీఏకు కింద విడిగా ఛాసిస్ ఉండేది. బరువంతా ఛాసిస్ మోసేది, బాడీ దానిమీద కూర్చునేది. ఎమ్‌జీబీకి ఛాసిస్ లేదు. మిల్లీమీటరుకు అటూ ఇటూ మందమున్న ఉక్కు రేకుల్ని వంచి, గొట్టాలుగా పెట్టెలుగా మలిచి, స్పాట్ వెల్డింగుతో అతికితే వచ్చిన బాడీయే అన్ని బరువులూ మోస్తుంది. ఇవాళ మనం నడిపే కార్లు దాదాపు అన్నీ ఇలాంటివే. తేడా ఏమిటంటే వాటికి టాపు ఉంటుంది. ఆ టాపు వాననీ ఎండనీ ఆపడంతో సరిపెట్టుకోదు. స్తంభాలతో, నేలతో కలిసి కారు మొత్తాన్ని మూసిన పెట్టెగా చేస్తుంది. టాపు కోసేస్తే పెట్టె కాస్తా తొట్టి అవుతుంది.

రోడ్డు మీద కారుకు రెండు రకాల బాధలున్నాయి. ముందు చక్రాలు ఒక చివర, వెనక చక్రాలు ఇంకో చివర ఆనించి ఉండగా నడుమ బరువుకు కిందికి వంగడం ఒకటి. ఎడమ ముందు చక్రం గుంతలో పడ్డప్పుడు, ఎడమ వెనక చక్రం ఎత్తు మీదున్నప్పుడు బాడీ మెలి తిరగడం రెండోది. వంపును కాచుకోవడం అంత కష్టం కాదు, మెలికతోనే చిక్కు. ఆ చిక్కు ఎంతటిదో తెలియాలంటే కేలండరు చుట్టి ఇచ్చే అట్ట గొట్టం ఒకటి తీసుకోండి. రెండు చేతులా పట్టుకుని తడిబట్ట పిండినట్టు మెలిపెట్టండి. కదలదు. ఇప్పుడు బ్లేడుతో ఆ గొట్టాన్ని ఒక పక్క ఈ చివర నుంచి ఆ చివర దాకా చీల్చి మళ్లీ మెలిపెట్టండి. చీలిక అంచులు ఒకదాని పక్కన ఒకటి జారిపోతాయి, గొట్టం చేతుల్లో మెత్తగా తిరిగిపోతుంది. తీసేసిన అట్ట ఏమీ లేదు, ఒక్క గీత గీశారంతే.

మెలిపెట్టినప్పుడు గొట్టం గోడలో బలం చుట్టూ తిరుగుతుంది, బయల్దేరిన చోటికే వచ్చి కలుస్తుంది. గోడలో గీత పడితే ఆ తిరుగుడు తెగిపోతుంది. అప్పుడు మెలికకు ఎదురు నిలవాల్సింది రేకు మందం ఒక్కటే. 5 సెంటీమీటర్ల వ్యాసం, 1 మిల్లీమీటరు మందమున్న ఉక్కు గొట్టానికి లెక్క కడితే, నిలువునా చీల్చాక మెలికను తట్టుకునే బిగువు దాదాపు 1,900వ వంతుకు పడిపోతుంది. వంపును తట్టుకునే బిగువు మాత్రం ఇంచుమించు అలాగే ఉంటుంది. సన్నరేకు నిర్మాణాల్లో ఇంతకన్నా విచిత్రమైన అంకె నాకు తెలీదు.

ఎమ్‌జీబీని గీసిన ఇంజనీర్లకు ఈ సంగతి బాగా తెలుసు. కారుకు టాపు అనే పెద్ద పెట్టె లేదు కాబట్టి చిన్న పెట్టెల్ని గట్టిగా కట్టుకున్నారు. డాష్‌బోర్డు వెనక ఒక పెట్టె, సీట్ల వెనక ఇంకొకటి, నడుమ గేర్‌బాక్స్ సొరంగం. అన్నిటికన్నా ముఖ్యమైనవి రెండు తలుపుల కిందా, ముందు చక్రం వెనక మొదలై వెనక చక్రం దాకా నడిచే ఉక్కు దూలాలు. వీటిని సిల్ అంటారు. బయటినుంచి చూస్తే పెయింటు వేసిన ఒక రేకే. కోసి చూస్తే మూడు పొరలు. బయటి రేకు, లోపలి రేకు, రెంటి నడుమ నిలువుగా నిలబడ్డ ఇంకో రేకు. ఈ మూడూ కలిసి పక్కపక్కన రెండు మూసిన గొట్టాలవుతాయి. టాపు చేయాల్సిన చాకిరీలో చాలా భాగం వీటి నెత్తినే పడింది.

ఇప్పుడు తుప్పు సంగతి. ఇనుము, నీరు, ఆక్సిజన్ కలిస్తే తుప్పు పడుతుందని బడిలో చదివాం. అది నిజమే గానీ, తుప్పు ఎక్కడ పడుతుందో ఆ మాట చెప్పదు. తుప్పు పట్టడమంటే ఒక చిన్న బ్యాటరీ పనిచేయడం. ఒకచోట ఇనుము ఎలక్ట్రాన్లు వదులుకుని నీళ్లలో కరుగుతుంది. ఇంకోచోట ఆక్సిజన్ ఆ ఎలక్ట్రాన్లను అందుకుంటుంది. ఈ రెండు చోట్లూ ఒకటే కానక్కర్లేదు. తడి మట్టి కింద, రెండు రేకులు అతుక్కున్న సందులో ఆక్సిజన్ తక్కువ. బయట గాలి తగిలే అంచున ఎక్కువ. అలాంటప్పుడు ఎలక్ట్రాన్లను అందుకునే పని గాలి తగిలేచోట జరుగుతుంది, కరిగిపోయే పని గాలి తగలని చోట. అంటే కంటికి కనబడని సందు తన లోహాన్ని పోగొట్టుకుంటుంది, కనబడే అంచు బాగానే ఉంటుంది.

ఎమ్‌జీబీ బాడీలో ఈ బ్యాటరీకి అనువైన చోట్లు బోలెడు. ముందు చక్రం చిమ్మిన బురద మడ్‌గార్డు లోపల, తలుపుకు కాస్త ముందు, ఒక అరుగు మీద చేరుతుంది. చేరిన మట్టి స్పాంజిలా తడి పట్టుకుంటుంది. తలుపు అద్దం అంచున దిగిన వాననీరు తలుపు అడుగున ఉన్న కన్నాల్లోంచి పోవాలి. కన్నాలు మూసుకుపోతే అక్కడే నిలుస్తుంది. సిల్ గొట్టంలోకి దిగిన తేమకు దారి అడుగు అంచున వదిలిన సన్నటి సందులే. మూడు రేకులూ కలిసి అతుక్కునేది సరిగ్గా ఆ అంచునే. గాలి తక్కువ, తేమ ఎక్కువ, పెయింటు అందని చోటు. దానికి తోడు బ్రిటన్‌లో చలికాలం రోడ్ల మీద మంచు గడ్డకట్టకుండా ఉప్పు చల్లుతారు. ఉప్పునీటిలో విద్యుత్తు తేలిగ్గా పారుతుంది, ఉక్కు మీదున్న పల్చటి రక్షణ పొరను క్లోరైడు నిలవనీయదు. విశాఖలో సముద్రానికి ఎదురిల్లు ఉన్నవాళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. వాళ్ల కిటికీ ఊచలే చెబుతాయి.

ఇక రెండు కథలూ కలిసేది ఇక్కడే. సిల్ అడుగు అంచు వెంట తుప్పు గీతలా తినేసిందంటే పోయిన ఉక్కు బరువు వంద గ్రాములు కూడా ఉండకపోవచ్చు. కానీ అది మనం అట్ట గొట్టం మీద బ్లేడుతో గీసిన గీతే. మూసిన గొట్టం తెరుచుకుంది. తొంభై అయిదు శాతం రేకు పదిలంగా ఉండగానే కారు మెలికకు లొంగిపోతుంది. పెయింటు మీద బుడగ కనబడేసరికి కథ చివరికొచ్చినట్టే. తుప్పు తాను తిన్న ఇనుముకన్నా కనీసం రెట్టింపు చోటు ఆక్రమిస్తుంది. లోపల చోటు చాలకే రేకును, పెయింటును బయటికి నెడుతుంది.

పరీక్ష తేలిక. తలుపు మూసి, దాని చుట్టూ ఉన్న సందును గమనించండి. పై భాగంలో సందు ఇరుకై, కింద వెడల్పైతే బాడీ నడుమ కుంగిందన్నమాట. తర్వాత చక్రాలు నేలమీద ఉండగా తలుపు తెరిచి మూసి చూడండి. జాకీతో ఒక పక్క ఎత్తి మళ్లీ మూయండి. ఎత్తినప్పుడు తలుపు గొళ్లెం అందకపోతే, ఇరుక్కుంటే, మిగతావేవీ చూడనక్కర్లేదు. ఒక చిన్న అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి సిల్ పొడవునా నడిపించండి. అతుక్కోని చోట ఉక్కు లేదు, లప్పం ఉంది. కన్నంలో న్యూస్‌పేపరు కుక్కి, లప్పం పూసి, పెయింటు కొట్టిన సిల్స్ ఈ కార్ల లోకంలో వింతేమీ కాదు. కుళ్లిన సిల్ మీద కొత్త రేకు తొడిగి అతికించడం ఇంకో మోసం. పైకి నున్నగా ఉంటుంది. లోపల తుప్పుకు చీకటి, తేమ రెండూ దక్కుతాయి.

ఇంటి కారు కావడం వల్ల ఒక లాభం ఇక్కడుంది. బజార్లో కొన్న బండికి చరిత్ర ఉండదు, ఇంటి బండికి ఉంటుంది. నాన్న ఫైల్లో దాచిన బిల్లుల్లో సిల్స్ ఎప్పుడు మార్చారో, ఒకవైపే మార్చారో రెండువైపులా మార్చారో దొరుకుతుంది. పిక్నిక్ ఫొటోలో తలుపు సందు ఎలా ఉందో కనబడుతుంది, అసలు రంగేదో తెలుస్తుంది. ఫొటో లేకపోతే గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం దగ్గర ఫ్యాక్టరీ రిజిస్టర్లున్నాయి. ఛాసిస్ నంబరు ఇస్తే ఆ కారు ఏ రోజు తయారైందో, ఏ రంగుతో గేటు దాటిందో ధ్రువపత్రం ఇస్తారు. పాత కాగితాల్ని చెత్తకింద కట్టి పారేసేవాళ్లను చూస్తే నాకు తుప్పుకన్నా ఎక్కువ కోపం వస్తుంది.

సిల్ మార్చడంలో నేర్పంతా కోయడానికి ముందే ఉంటుంది. పాత సిల్ ఎంత కుళ్లినా, ఇంజన్ బరువును మోస్తున్నది అదే. దాన్ని కోసిన మరుక్షణం బాడీ మడత పడటానికి చూస్తుంది. అందుకని ముందు కారును సమతలంగా, బరువు సరిగ్గా పంచుకునేలా స్టాండ్ల మీద నిలపాలి. తలుపు బిగించి ఉండే ముందు స్తంభానికీ, గొళ్లెం ఉండే వెనక స్తంభానికీ మధ్య ఉక్కు కడ్డీ అడ్డంగా అతికించాలి. మూల నుంచి మూలకు టేపు పెట్టి కొలతలు రాసుకోవాలి. ఒకవైపు పూర్తిగా ముగిశాకే రెండోవైపు ముట్టుకోవాలి. కొత్త రేకుల్ని ముందు బిగింపులతో పట్టించి, తలుపు వేలాడదీసి, సందు సరిగ్గా వచ్చిందని చూసుకున్నాకే వెల్డింగ్ మొదలుపెట్టాలి. తలుపును పక్కన పెట్టి సిల్ అతికి, ఆ తర్వాత తలుపు పట్టడం లేదని తల పట్టుకున్నవాళ్లు కోకొల్లలు.

వెల్డింగ్‌లో వేడితో పేచీ ఉంది. మీటరు పొడవున్న ఉక్కు 100 డిగ్రీలు వేడెక్కితే 1.2 మిల్లీమీటర్లు సాగుతుంది. తలుపు సందేమో నాలుగైదు మిల్లీమీటర్లు. ఒక చివర మొదలుపెట్టి గీతలా వెల్డు లాక్కుంటూ పోతే, కరిగిన చోటు చల్లారుతూ ముడుచుకుని రేకును అలలుగా లాగేస్తుంది. అందుకే చేయి తిరిగిన మేస్త్రీ ఇక్కడో అంగుళం, అక్కడో అంగుళం దూరదూరంగా వేస్తాడు. ఫ్యాక్టరీలో స్పాట్ వెల్డ్ ఉన్నచోట పై రేకుకు చిన్న కన్నం తొలిచి, ఆ కన్నాన్ని కరిగిన లోహంతో నింపుతాడు. అతుక్కునే ముఖాలకు ముందే జింకు కలిసిన ప్రైమర్ పూస్తాడు. జింకు ఇనుముకన్నా తేలిగ్గా ఎలక్ట్రాన్లు వదులుతుంది, కాబట్టి తుప్పు బ్యాటరీలో ముందు అది కరిగి ఇనుమును కాపాడుతుంది. అంతా అయ్యాక గొట్టంలోకి సన్నటి నాళంతో పల్చటి మైనం చిమ్మాలి. సందుల్లోకి దానంతటదే పాకి గాలిని, నీటిని ఆపుతుంది. మైనం చిమ్మే తొందర్లో నీరు పోయే దారుల్ని మూసేస్తే చేసిన పనంతా బూడిదలో పోసినట్టే.

ఇంజన్ గురించి తక్కువ చెప్తాను, అది సిల్‌కన్నా మంచిది కాబట్టి. 1798 సీసీ, నాలుగు సిలిండర్లు, పోత ఇనుము. ఎన్నాళ్లు పడుకున్నా లేస్తుంది. తొందరపడి తాళం తిప్పకుండా, స్పార్క్ ప్లగ్గులు విప్పి సిలిండర్లలో కాస్త నూనె పోసి, ఒకటి రెండు రోజులు ఆగి చేత్తో తిప్పి చూస్తే చాలు. ట్యాంకులో మిగిలిన పెట్రోలును మాత్రం నమ్మకూడదు. తేలికైన భాగాలు ఆవిరైపోయి, మిగిలింది గాలితో కలిసి జిగురవుతుంది. అది కార్బురేటర్ సన్న దారుల్లో బంకలా పట్టుకుంటుంది. కొత్త పెట్రోలుకూ దాని గొడవ దానికుంది. బ్రిటన్‌లో 2021 నుంచి మామూలు పెట్రోలులో 10 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు. మన బంకుల్లో అది 20 శాతానికి చేరింది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఆనాటి రబ్బరు గొట్టాల్ని ఉబ్బించి మెత్తబరుస్తుంది. కాబట్టి గొట్టాలు, సీళ్లు అన్నీ ఇథనాల్‌కు తట్టుకునే రకంతో మార్చాల్సిందే. పెట్రోలు కారి వేడి ఇంజన్ మీద పడితే సిల్ గురించి ఆలోచించాల్సిన అవసరమే ఉండదు.

సీసం సంగతీ ఉంది. ఆ రోజుల్లో పెట్రోలులో కలిపిన సీసం, ఇంజన్ కొట్టుకోకుండా చూడటంతో పాటు ఎగ్జాస్టు వాల్వు కూర్చునే అంచు మీద పల్చటి పూతలా మిగిలేది. పూత లేకపోతే ఎర్రగా కాలిన వాల్వు, మెత్తటి పోత ఇనుము అంచుకు క్షణక్షణం అతుక్కుంటూ, ఊడుతూ దాన్ని గీకేస్తుంది. వాల్వు హెడ్‌లోకి కుంగిపోతుంది. 2000 జనవరి నుంచి బ్రిటన్ బంకుల్లో సీసం పెట్రోలు సాధారణ అమ్మకం ఆగిపోయింది. మనదేశంలోనూ అదే ఏడాది పోయింది. మందు తెలిసిందే. హెడ్ విప్పినప్పుడు గట్టి ఉక్కు సీట్లు దిగేయిస్తే సరి. సీసం పోయినందుకు పాతకార్ల పిచ్చివాళ్లు ఎంత వాపోయినా, పిల్లల మెదళ్లకు అది చేసిన చేటు ముందు మన వాల్వులు లెక్కలోకి రావు.

కరెంటు దగ్గర ఒక హెచ్చరిక. 1967 దాకా వచ్చిన ఎమ్‌జీబీల్లో బ్యాటరీ పాజిటివ్ కొస బాడీకి కలిపి ఉండేది, ఇప్పటి కార్లకు తలకిందులన్నమాట. సీట్ల వెనక 6 వోల్టుల బ్యాటరీలు రెండు వరసగా కలిపి 12 చేశారు. ఇది తెలియక కొత్త రేడియోనో ఫోన్ ఛార్జరో తగిలిస్తే అది ఒక్క క్షణంలో కాలిపోతుంది. ఆ బ్యాటరీల పెట్టెల్నీ ఒకసారి తడిమి చూడండి. కారిన యాసిడ్‌కు వాటి అడుగులు తరచూ ఊడిపోయి ఉంటాయి.

టాపు గుడ్డ నిజానికి గుడ్డ కాదు, చాలా వాటికి పీవీసీ. పీవీసీ సహజంగా గట్టి ప్లాస్టిక్. మడత పడాలంటే నూనెలాంటి మెత్తబరిచే రసాయనాలు అందులో కలపాలి. అవి ఏళ్ల తరబడి మెల్లగా పైకి వచ్చి ఆవిరైపోతాయి, టాపు తన అసలు స్వభావానికి, అంటే గట్టిదనానికి తిరిగి వెళ్తుంది. వెనక కిటికీలోని మెత్తటి ప్లాస్టిక్ ఎండకు హైడ్రోజన్ క్లోరైడును వదులుకుంటూ పసుపెక్కుతుంది. చలిరోజున మడిచారంటే ఫట్టున పగులుతుంది. ఎండలో పెట్టి వెచ్చబడ్డాకే మడవాలి. టైరు రబ్బరుకు ఓజోన్‌తో వైరం. సాగి ఉన్న చోట ఓజోన్ రబ్బరు అణువుల జంట బంధాల్ని తెంచుతుంది. గాడి నిండుగా ఉండి, పక్కల సన్నటి పగుళ్లున్న టైరు గీతలు అరిగిన టైరుకన్నా ప్రమాదం. 2000 తర్వాత తయారైన టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. పదేళ్లు దాటితే ఎంత కొత్తగా మెరుస్తున్నా తీసేయడమే.

సిల్స్, నేల, స్తంభాలు అన్నీ పోయాయనుకోండి. అప్పుడింకో దారి ఉంది. 1988 నుంచి బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ పాత ఫ్యాక్టరీ అచ్చుల్ని వెతికి తెచ్చి, ఎమ్‌జీబీ బాడీని మళ్లీ కొత్తగా తయారు చేస్తోంది. నాన్న ఇంజన్‌ను, ఇరుసుల్ని, సీట్లను ఆ కొత్త బాడీలోకి దింపుకోవచ్చు. అప్పుడది నాన్న కారేనా అన్న ప్రశ్నకు తత్వవేత్తల జవాబు ఎలా ఉన్నా, గుమాస్తాల జవాబు నాకు నచ్చింది. బాగా మార్చేసిన బండి పాత నంబరు నిలుపుకోవాలంటే బ్రిటన్ రవాణా శాఖ చాలాకాలం వాడిన పాయింట్ల లెక్కలో మొత్తం 8 రావాల్సి ఉండేది. ఛాసిస్‌కు, లేదా బాడీకి 5. స్టీరింగుకు, గేర్‌బాక్సుకు, ఇరుసులకు, సస్పెన్షన్‌కు తలా 2. ఇంజన్‌కు 1. బానెట్ ఎత్తి మురిసిపోయే మన అలవాటు ఎంత తప్పో చెప్పే ప్రభుత్వ పత్రం ఇదొక్కటే. నా మటుకు నేను, కొలతలు నిలిచిన పాత బాడీ ఉంటే అతుకులతోనైనా దాన్నే నిలబెడతాను. కొలతలే తప్పినదాన్ని పట్టుకుని వేలాడను.

బాగుచేశాక గ్యారేజీలో పెట్టి, వారానికోసారి ఐదు నిమిషాలు ఇంజన్ తిప్పి ఆపేయడం చాలా ఇళ్లలో ఆచారం. కారు మీద ప్రేమతోనే చేస్తారు, చెరుపు కూడా అందుకే తెలియదు. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు తయారవుతుంది. ఇంజన్ బాగా వేడెక్కకముందే ఆపితే ఆ నీటిలో కొంత సైలెన్సర్‌లో, కొంత ఇంజనాయిల్లో మిగిలిపోతుంది. తిప్పితే అరగంట రోడ్డు మీద తిప్పాలి, లేదా అసలు ముట్టుకోకూడదు. నిలిపి ఉంచేచోట గాలిలో తేమ 50 శాతం దాటకుండా చూస్తే తుప్పు బ్యాటరీకి కావలసిన తడిపొరే ఏర్పడదు. ప్లాస్టిక్ పట్టా కప్పితే కింద తేమ చెమటలా పడుతుంది, గాలి ఆడే గుడ్డ మేలు. టాపు పైకి వేసి ఉంచాలి. మడిచి చలికాలమంతా ఉంచితే మడత గీతలు పగుళ్లవుతాయి. ఇక చలికాలం వెళ్లగానే మొదటి ఎండ చూసి బండి బయటికి తీయకండి. రోడ్డు మీద ఉప్పు ఇంకా ఉంటుంది. రెండు మూడు పెద్ద వానలు పడి కడిగాక తీయండి. తీసిన రోజు సాయంత్రం మడ్‌గార్డుల లోపల, ఆ అరుగు మీద, పైపుతో నీళ్లు కొట్టి మట్టి వదలగొట్టండి.